పదమూడు తర్వాత పద్నాలుగు

ఒక కాగితం తీసుకుని చిన్న కూడిక చేయండి. పైన 9.8.9.13.0 రాయండి, దాని కింద 10.11.10.5.8. కుడి చివర నుంచి మొదలుపెట్టాలి. ప్రతి స్థానంలోనూ 20 నిండగానే పక్క స్థానానికి ఒకటి వెళ్తుంది. కుడి నుంచి రెండో స్థానం మాత్రం 18కే నిండుతుంది. 0కి 8 కలిపితే 8. 13కి 5 కలిపితే 18, కాబట్టి సున్నా వేసి చేతిలో ఒకటి. 9, 10, చేతిలో ఒకటి కలిపితే 20, మళ్లీ సున్నా. 8, 11, ఒకటి కలిపితే 20. 9, 10, ఒకటి కలిపినా 20. అలా సున్నాల మీద సున్నాలు పడి ఎడమవైపు కొత్త స్థానం పుడుతుంది: 1.0.0.0.0.8.

దక్షిణ మెక్సికోలోని ప్రాచీన మాయా నగరం పాలెంకేలో శాసనాల ఆలయం అనే కట్టడం ఉంది. ఈ లెక్క 7వ శతాబ్దంలో దాని గోడ పలకల మీద చెక్కారు. మొదటి సంఖ్య పకల్ రాజు పుట్టిన రోజు, క్రీ.శ. 603 మార్చి. రెండోది దానికి కలపాల్సిన రోజుల దూరం. జవాబు మన తేదీల్లో 4772 అక్టోబర్ 21. మాయన్ క్యాలెండర్ 2012 డిసెంబర్ 21తో ముగుస్తుందని, ఆ రోజే లోకం కూడా ముగుస్తుందని ప్రచారం చేసినవాళ్లందరికీ ఈ గోడే జవాబు. ఆ క్యాలెండర్‌ను వాడిన మనుషులే అది ముగుస్తుందన్న రోజు దాటి 2,700 ఏళ్లకు పైగా ముందుకు లెక్కపెట్టి, రాతిలో చెక్కి పెట్టారు.

వాదన ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ 2012 పోయాక 2020లో అదే కథ మళ్లీ వచ్చింది, ఇంకో ఏడు ఇంకో పేరుతో వస్తుంది. అందుకే ఈ లెక్క ఎలా నడుస్తుందో, ఏ మెట్టు దగ్గర తప్పుదారి పట్టించారో విప్పి చూడాలి. ఇది అర్థం కావడానికి తెలుగువాళ్లకు కావలసిన సరంజామా అంతా ఇంట్లోనే ఉంది.

మన సంవత్సరాల పేర్లు ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి. 60 ఏళ్లకు మళ్లీ ప్రభవ. ఒక పాత దస్తావేజులో 'ప్రభవ నామ సంవత్సరం' అని మాత్రమే ఉంటే అది 1927లోదో, 1987లోదో చెప్పలేం. అందుకే శాసనాల్లో పేరుతో పాటు శక సంవత్సరం కూడా వేసేవారు. మాయా ప్రజలకూ సరిగ్గా ఇదే చిక్కు. వాళ్లకు 260 రోజుల చక్రం ఒకటి ఉంది: 1 నుంచి 13 వరకు అంకెలు, 20 రోజుల పేర్లు జోడుగా తిరుగుతాయి. దాని పక్కనే 365 రోజుల చక్రం: 20 రోజుల నెలలు 18, చివర 5 రోజులు. రెండూ కలిసి ఒకే జోడీ మళ్లీ రావడానికి 18,980 రోజులు పడుతుంది, అంటే సుమారు 52 ఏళ్లు. '5 లామాట్ 1 మోల్' అనే రోజు ఏ 52 ఏళ్ల చక్రంలోది? ఈ సందేహం తీర్చడానికి పుట్టిందే దీర్ఘ గణన. ఒక మూల దినం నుంచి గడిచిన రోజులను వరుసగా లెక్కపెట్టుకుంటూ పోవడమే అది. మన జ్యోతిర్గణితంలో కలి అహర్గణం, అంటే కలియుగారంభం నుంచి గడిచిన రోజుల లెక్క, చేసే పనీ ఇదే.

మెట్లు ఇవి. కిన్ అంటే ఒక రోజు. 20 కిన్‌లు ఒక వినాల్. 18 వినాల్‌లు ఒక టున్, 360 రోజులు. రెండో మెట్టులో 20కి బదులు 18 ఎందుకంటే, ఏడాదికి 400 కన్నా 360 దగ్గర కనుక. 20 టున్‌లు ఒక కటున్, 7,200 రోజులు. 20 కటున్‌లు ఒక బక్తున్, 1,44,000 రోజులు, అంటే 394 ఏళ్ల పైచిలుకు. దాని మీద పిక్తున్, 28,80,000 రోజులు. ఆ పైన ఇంకా మెట్లున్నాయి. యుకటాన్‌లోని కోబా దగ్గర ఒక నిలువురాయి మీద బక్తున్‌కు పైన మరో 19 స్థానాలు చెక్కి ఉన్నాయి. మన సంకల్పం గుర్తు చేసుకోండి: శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే... పెద్ద పాత్రలో చిన్న పాత్ర, అందులో ఇంకా చిన్నది. ఏ చిన్న పాత్ర నిండినా పెద్దది అలాగే ఉంటుంది.

2012 డిసెంబర్ 21న ఆ లెక్క 13.0.0.0.0. పదమూడు బక్తున్‌లు, 18,72,000 రోజులు పూర్తయ్యాయి. అంతవరకు ప్రచారం చేసినవాళ్లు చెప్పింది నిజమే. ఆ తర్వాత వాళ్లు చేసిన ఊహకు కూడా ఒక ఆధారం లేకపోలేదు, దాన్ని పక్కకు నెట్టేయడం న్యాయం కాదు. ఈ లెక్క మూల దినం క్రీ.పూ. 3114 ఆగస్టు 11, వాళ్ల పేర్లలో 4 అహౌ 8 కుమ్‌కు. ఆ సృష్టి దినాన్ని శాసనాల్లో సున్నాగా రాయలేదు, '13 బక్తున్‌లు పూర్తయిన రోజు' అనే రాశారు. అంటే అంతకుముందు లోకమేదో 13 బక్తున్‌లకు ముగిసిందా? అలాగైతే ఈ లోకం కూడా 13కే ముగియాలా? అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త మైఖేల్ కో 1966లో మాయా నాగరికత మీద రాసిన పుస్తకంలో ఇలాంటి సూచనే చేశాడు. మొదటి ముద్రణలో ఆయన ఇచ్చిన తేదీ 2011 డిసెంబర్ 24, తర్వాతి ముద్రణల్లో అది మారింది. పండితుడు ఒక అవకాశంగా రాసిన వాక్యం పాతికేళ్లు తిరిగేసరికి ఇతరుల చేతుల్లో ప్రవచనమైంది.

ఆ ఊహ ఎక్కడ విరుగుతుందంటే, రాళ్లు చెప్పే సాక్ష్యం దగ్గర. 13 దగ్గర లెక్క మొదటికి వచ్చేదే అయితే బక్తున్ స్థానంలో 13 కన్నా పెద్ద అంకె ఎప్పుడూ కనిపించకూడదు. పాలెంకే కూడికలో బక్తున్ స్థానం 20 దాకా వెళ్లి, అక్కడ నిండి, పిక్తున్‌ను పుట్టించింది. 13 దగ్గర తిరిగిపోయి ఉంటే ఆ జవాబే రాదు. సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. పకల్ పట్టాభిషేకం 9.9.2.4.8న, క్రీ.శ. 615లో, రోజు పేరు 5 లామాట్ 1 మోల్. రోజుల్లో అది 13,61,608. దానికి 18,980 రోజుల చక్రాలు 80 కలపండి: 15,18,400. మొత్తం 28,80,008. ఒక పిక్తున్ మీద 8 రోజులు, అంటే గోడ మీద ఉన్న 1.0.0.0.0.8. పట్టాభిషేకం రోజు పేరు ఎనభయ్యోసారి తిరిగొచ్చే నాటికి కొత్త పిక్తున్ నిండి ఎనిమిది రోజులవుతుందని ఆ లేఖకులు గమనించారు. 7వ శతాబ్దపు మనిషికి ఇంత శుభ్రమైన లెక్క దొరికితే ఎంత సంతోషం కలిగి ఉంటుందో నేను ఊహించగలను.

రెండో సాక్ష్యం గ్వాటెమాలాలోని షుల్తూన్ నుంచి వచ్చింది. అక్కడ ఒక చిన్న గది గోడల మీద 9వ శతాబ్దపు ఖగోళ పట్టికలు బయటపడ్డాయి. విలియం సాటర్నో, డేవిడ్ స్టువర్ట్ తదితరులు వాటిని 2012 మేలో ప్రకటించారు. లేఖకులు పనిచేసుకుంటూ గోడకే రాసుకున్న అంకెలవి. వాటిలో నాలుగు పెద్ద సంఖ్యలు వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది 17.0.1.3.0, అంటే 24,48,420 రోజులు, 6,700 ఏళ్ల పైమాట. బక్తున్ స్థానంలో 17 ఉంది చూడండి. ఆ నాలుగు సంఖ్యలనూ 56,940తో భాగిస్తే శేషం లేకుండా 21, 6, 31, 43 వస్తాయి. 56,940 అంటే 52 ఏళ్ల చక్రాలు మూడు. కుజుడి 780 రోజుల చక్రాలు 73 కూడా అంతే. గ్రహాల రాకపోకలను వేల ఏళ్ల దాకా పొందించి చూసుకునే పనివాళ్ల చిత్తు కాగితం ఆ గోడ.

మరి 2012 తేదీ ఎక్కడైనా రాసి ఉందా? ఉంది, తెలిసినంతలో రెండు చోట్ల. మొదటిది మెక్సికోలోని టబాస్కో రాష్ట్రంలో, తోర్తుగేరో ఆరో శిల మీద. రాయి విరిగిపోయింది, 2012 మాట వచ్చే చివరి వాక్యం దగ్గరే దెబ్బతింది. ఆ పగులులోనే రకరకాల ఊహలు దూరాయి. కానీ వాక్యం ఎలా కట్టారన్నది స్పష్టంగానే కనిపిస్తుంది. క్రీ.శ. 669లో బహ్లమ్ అహౌ అనే రాజు ఒక కట్టడాన్ని ప్రతిష్ఠించాడు, ఆ రోజు 9.11.16.8.18. అక్కడి నుంచి 2 రోజులు, 9 వినాల్‌లు, 3 టున్‌లు, 8 కటున్‌లు, 3 బక్తున్‌లు ముందుకు వెళ్తే 13 బక్తున్‌లు పూర్తవుతాయి అని రాయి చెబుతుంది. మళ్లీ కూడికే. కలిపి చూస్తే 13.0.0.0.0 వస్తుంది. ఆ రోజు బోలోన్ యోక్తే అనే దేవుడికి వస్త్రాలంకరణ లాంటి వేడుక జరుగుతుందన్నది 2010లో స్వెన్ గ్రోనెమెయర్, బార్బరా మెక్లియడ్ చేసిన పఠనం. మంట, వరద, వినాశం అనే మాట ఆ రాతిలో ఏదీ లేదు.

రెండోది గ్వాటెమాలాలోని లా కొరోనాలో, 2012లోనే దొరికిన మెట్ల రాయి. కలక్ముల్ రాజు యుక్నూమ్ యిచాక్ కాక్ 695లో ప్రత్యర్థి నగరం తికాల్ చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడు తన మిత్రుల ఊరు లా కొరోనా వెళ్లినప్పుడు చెక్కించిన రాయి అది. 692లో 9.13.0.0.0, అంటే పదమూడో కటున్ నిండినప్పుడు సింహాసనం మీద ఉన్నది తనే కాబట్టి '13 కటున్‌ల ప్రభువు' అని చెప్పుకున్నాడు. ఆ పదమూడును పట్టుకుని, రాబోయే 13 బక్తున్‌ల రోజుతో తన పేరు ముడివేశాడు. యుద్ధంలో దెబ్బతిన్న రాజు తన ఏలుబడికి కాలంలో గట్టి చోటు ఉందని మిత్రులకు ధైర్యం చెబుతున్నాడు. మన రాజుల దానశాసనాల్లో 'ఆచంద్రార్క స్థాయిగా' ఇచ్చామని ఉంటుంది. ఆ మాట పట్టుకుని సూర్యచంద్రుల ఆయువు తీరే తేదీని ఎవరూ గుణించరు. తోర్తుగేరో, లా కొరోనా, పాలెంకే రాళ్ల మీది భవిష్య తేదీలను కూడా ఆ కంటితోనే చదవాలని నా గట్టి నమ్మకం. మాట్లాడుతున్నది రాజు గురించి, అతను కట్టిన గుడి గురించి. రేపటి తేదీ వచ్చింది అతని కీర్తి కోసం.

ఇక ఆకాశం నుంచి తెచ్చిన ఆధారాలు. వీటి మీద ఎక్కువ సేపు నిలవక్కర్లేదు. డిసెంబర్ అయనాంతంలో సూర్యుడు పాలపుంత మధ్యరేఖకు వరుసలోకి వస్తాడన్నారు. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల కలిగే విషువచ్చలనం 72 ఏళ్లకు ఒక డిగ్రీ, సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. కాబట్టి బింబం ఆ రేఖను దాటడానికి 36 ఏళ్లు పడుతుంది, దానికి ఒక రోజంటూ ఉండదు. బింబ కేంద్రం రేఖ మీదికి వచ్చింది 1998లో అని బెల్జియం గణకుడు జాన్ మేయస్ లెక్కగట్టాడు. పాలపుంత కేంద్రమైతే అయనాంత సూర్యుడికి ఆరు డిగ్రీలకు పైగా దూరంలోనే ఉంది. నిబిరు అనే గ్రహం ఢీకొంటుందన్నారు. అదే గ్రహం 2003లో వస్తుందని ముందు చెప్పి, రాకపోయేసరికి 2012కు మార్చారు. అంత పెద్ద గ్రహం ఏడాదిలో భూమిని చేరేదే అయితే అప్పటికే మామూలు కంటికి కనిపించాలి, అంగారకుడి కక్ష్య చెదరాలి. సౌర తుఫాను అన్నారు. 24వ సౌర చక్రం శిఖరానికి చేరింది 2014లో, అది కూడా బలహీనంగా. అయస్కాంత ధ్రువాలు తారుమారవుతాయన్నారు. చివరిసారి అది జరిగింది సుమారు 7,80,000 ఏళ్ల కిందట, పూర్తి కావడానికి వేల ఏళ్లు పట్టింది. వీటిలో ఏదీ మాయా రాళ్ల మీద లేదు.

2020 జూన్‌లో వచ్చిన కథ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది లెక్కలా కనిపించింది. కరోనా భయం ఊరంతా ఉంది, జూన్ 21న మన దేశంలో సూర్యగ్రహణం. సరిగ్గా ఆ సమయంలో 'మాయన్ తేదీ 2012 కాదు, 2020 జూన్ 21' అనే సందేశం తిరిగింది. అందులో గణితం ఇది: గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారడం వల్ల ఏటా 11 రోజులు పోయాయి, 1752 నుంచి 2020 వరకు 268 ఏళ్లు, 268ని 11తో హెచ్చవేస్తే 2,948 రోజులు, 365తో భాగిస్తే 8 ఏళ్లు, 2012కు 8 కలిపితే 2020. గుణకారం సరైనదే. తప్పు మొదటి వాక్యంలో ఉంది. బ్రిటన్ 1752లో సెప్టెంబర్ 2 మరునాడు 14 అని రాసింది. 11 రోజులు ఒక్కసారే దాటేసింది, ఏటా కాదు. అసలు ఆ సవరణ కూడా ఇక్కడ వర్తించదు. 2012 తేదీని పండితులు ఏ దేశపు క్యాలెండర్ నుంచీ తీయలేదు, రోజుల మొత్తం నుంచి తీశారు. గోడకు వేలాడే క్యాలెండర్‌లో తేదీ పేరు మార్చినంత మాత్రాన గడిచిన రోజుల సంఖ్య మారదు.

ఆ రోజుల మొత్తం మీరే చేసి చూడవచ్చు. ఖగోళవేత్తలు వాడే జూలియన్ దిన సంఖ్య, అంటే ఒక పాత తేదీ నుంచి వరుసగా లెక్కపెట్టిన రోజుల సంఖ్య, ప్రతి తేదీకీ ఉంటుంది. మాయా మూల దినానికి ఆ సంఖ్య 5,84,283. జోసెఫ్ గుడ్‌మన్, హువాన్ మార్తినెస్, ఎరిక్ థాంప్సన్ 20వ శతాబ్దం మొదటి సగంలో తేల్చిన స్థిరాంకం ఇది. రెండు రోజులు ఎక్కువగా 5,84,285 అనేవాళ్లూ ఉన్నారు. డిసెంబర్ 21, 23 అని రెండు తేదీలు వినబడింది అందుకే. తికాల్‌లోని ఒక గుడి ద్వారబంధపు కర్రకు కార్బన్ పరీక్ష చేసి 2013లో ప్రచురించిన ఫలితం కూడా ఆ ముగ్గురి లెక్కనే బలపరిచింది. ఇప్పుడు 1947 ఆగస్టు 15 తీసుకుందాం. దాని జూలియన్ దినం 24,32,413. అందులోంచి 5,84,283 తీసేస్తే 18,48,130. 1,44,000తో భాగిస్తే 12, శేషం 1,20,130. దాన్ని 7,200తో భాగిస్తే 16, శేషం 4,930. 360తో 13, శేషం 250. 20తో 12, శేషం 10. మన స్వాతంత్ర్య దినం 12.16.13.12.10. రోజు పేరు కావాలంటే, మూల దినం 4 అహౌ కనుక 18,48,130ని 13తో భాగించిన శేషం 11ను 4కు కలిపి 13 తీసేయండి, 2 వస్తుంది. 20తో భాగించిన శేషం 10, అహౌ నుంచి పదో పేరు ఓక్. అది 2 ఓక్. ఇలా చేసేటప్పుడు తప్పు ఎక్కువగా రెండు చోట్ల పడుతుంది: టున్‌ను 400 అనుకోవడం, క్రీస్తుపూర్వ తేదీల్లో సున్నా సంవత్సరం లేదన్న సంగతి మరిచిపోవడం.

ఇదే పద్ధతిలో వెనక్కి వెళ్తే 12.0.0.0.0 పడింది 1618 సెప్టెంబర్ 18న. ముందుకు వెళ్తే 14.0.0.0.0 పడేది 2407 మార్చి 26న.

తెలుగునాట ఈ మాయన్ కథకు మరో తోక తగిలించారు. మూల దినం క్రీ.పూ. 3114, మన కలియుగారంభం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18. తేడా పన్నెండేళ్ల లోపే కాబట్టి రెండూ ఒకటే, మాయన్లంటే మయుడి సంతతే అని. పేరు పోలిక తప్ప దీనికి ఆధారం లేదు. రెండు మూల దినాలూ తర్వాతి కాలపు గణకులు వెనక్కి లెక్కించి నిలబెట్టుకున్నవే. ఆర్యభటుడు తన 23వ ఏట, క్రీ.శ. 499లో, కలిలో 3,600 ఏళ్లు గడిచాయని రాశాడు. దీర్ఘ గణన కనిపించే అతి పాత రాళ్లు క్రీ.పూ. 1వ శతాబ్దానివి. రెండు జాతులు వేర్వేరుగా ఇంత పెద్ద కాలాన్ని రోజుల్లో కొలవడం నేర్చుకున్నాయి. ఆ గౌరవం ఇద్దరికీ విడివిడిగా దక్కాలి.

లోకాంతం భయం మనకు కొత్త కాదు. 1962 ఫిబ్రవరిలో మకర రాశిలో అష్టగ్రహ కూటమి అని దేశమంతా హోమాలు, భజనలు చేశారు. 1979 జూలైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని మన పల్లెల్లో ఉన్న కోళ్లూ మేకలూ కోసుకు తిన్నవాళ్లున్నారు. అది పడింది పశ్చిమ ఆస్ట్రేలియాలో. నాకు కోపం ఆ పల్లెవాళ్ల మీద రాదు, వాళ్లకు లెక్క చూపించనివాళ్ల మీద వస్తుంది. అష్టగ్రహ కూటమిని ఏ పంచాంగకర్త అయినా వివరించగలడు. స్కైలాబ్ బరువెంత, భూమి మీద సముద్రం ఎంత అన్నది బడి పంతులు చెప్పగలడు. చెప్పేవాడు లేని చోట అప్పు చేసి తినడం, పిల్లల చదువు మానిపించడం లాంటి నిర్ణయాలు జరిగిపోతాయి, తేదీ దాటాక అవి వెనక్కి రావు.

మాయా ప్రజలకు జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. వాళ్లు అంతరించిన జాతి అనుకునే ఈ ప్రచారమంతా నడిచింది. నిజానికి గ్వాటెమాలా, మెక్సికో, బెలీజ్, హోండురాస్‌లలో లక్షలాది మంది ఇవాళ్టికీ మాయా భాషలు మాట్లాడుతున్నారు. 1562 జూలైలో యుకటాన్‌లోని మాని దగ్గర దియేగో దె లాండా అనే మతగురువు వాళ్ల పుస్తకాలను మంటల్లో వేయించాడు. ఆ కాలం దాటి మన దాకా వచ్చినవి నాలుగే. గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మంది చనిపోయారని, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా జనమేనని 1999లో సత్యశోధన సంఘం తేల్చింది. ఈ చరిత్ర మీద తయారైన టీవీ కార్యక్రమాలు ఎన్ని, 2012 మీద ఎన్ని? డిసెంబర్ 21న తికాల్‌కు వేడుకకు వచ్చిన యాత్రికులు రెండో గుడి మెట్లెక్కి రాళ్లకు నష్టం చేశారు. వ్యాపారంగా మారిన ఆ వేడుకలను అక్కడి మాయా సంఘాలు ముందే ఖండించాయి.

గ్వాటెమాలా కొండ ఊళ్లలో రోజుల లెక్క చూసేవాళ్లను అహ్‌కిహ్ అంటారు. పెళ్లికి, విత్తడానికి, రోగానికి మంచి రోజు చెప్పేది వాళ్లే. రాళ్ల మీద దీర్ఘ గణన చెక్కడం క్రీ.శ. 909 తర్వాత ఆగిపోయింది, కానీ 260 రోజుల చక్రాన్ని ఈ మనుషులు ఒక్క రోజు తప్పకుండా మోసుకొచ్చారు. మొమొస్తెనాంగో ఊళ్లో 8 బాట్స్ రోజు వచ్చినప్పుడల్లా, అంటే ప్రతి 260 రోజులకు, కొండ మీద ధూపం వేసి కొత్తగా ఈ విద్యలోకి వచ్చినవాళ్లకు దీక్ష ఇస్తారు. 2012 డిసెంబర్ 21 వాళ్ల లెక్కలో 4 అహ్‌పు, అంటే రాళ్ల మీది 4 అహౌ. మర్నాడు 5 ఇమోష్.